ఆ ఆరుగురు బోధకులు ఎక్కడికి పోయారు? పరిశోధనా వ్యాసాలలో ఇంటర్నెట్ ఆధారాలపై ఒక విమర్శ

వేదాంత కళాశాలల్లో విద్యార్థులు సమర్పించే పరిశోధనా వ్యాసాల ఆధార గ్రంథ పట్టికలు గత ఇరవై ఏళ్ళలో బాగా మారిపోయాయి. ఒకప్పుడు ఆ పట్టికలో రచయిత, గ్రంథం, ప్రచురించిన ఊరు, సంవత్సరం ఉండేవి. ఇప్పుడు ఆ స్థానంలో వెబ్‌సైటు చిరునామాలు బారులు తీరి కనిపిస్తున్నాయి. ఈ మార్పును తప్పుపట్టనక్కరలేదు. పల్లెలో సంఘాన్ని కాస్తూ దూరవిద్య ద్వారా వేదాంతం చదువుకునే కాపరికి చేతిలో ఉన్న ఫోనే గ్రంథాలయం. అతణ్ణి వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి కళాశాల గ్రంథాలయానికి రమ్మనడం న్యాయం కాదు.

తప్పుపట్టవలసింది మనం ఇచ్చే సూచనా పత్రాలను. "నమ్మదగిన వెబ్‌సైట్లను మాత్రమే ఉపయోగించవలెను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటున్నాం. ఏవి నమ్మదగినవి అని విద్యార్థి అడిగితే మన దగ్గర ఉన్న జవాబులు మూడో నాలుగో: వికీపీడియా వద్దు, విశ్వవిద్యాలయానిదైతే మంచిది, చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉంటే ఫరవాలేదు, క్రైస్తవ సంస్థదైతే ఇంకా మంచిది. వీటిలో ఏదీ పరీక్షకు నిలవదు. డాట్ ఆర్గ్ చిరునామాను ఎవరైనా కొనుక్కోవచ్చు. క్రైస్తవ సంస్థ నడుపుతున్నది గనుక ఆ సైటులోని చరిత్ర తారీఖులు సరిగా ఉంటాయన్న హామీ లేదు. విశ్వవిద్యాలయం సంగతి ముందుకు వెళ్ళాక చూద్దాం.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ వెబ్‌సైటు నమ్మదగినదా అని అడగడంలోనే పొరపాటు ఉంది. ఈ మాట మొట్టమొదట ఎవరు చెప్పారు, వారికెలా తెలుసు, అక్కడిదాకా నేను వెళ్ళి చూడగలనా అని అడగాలి. దీనికి దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు, మన సంఘ చరిత్రలోనే ఒకటి ఉంది.

గుండ్లకమ్మ ఒడ్డున

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు సంఘ చరిత్ర మీద వ్యాసం రాసే విద్యార్థి ఎవరూ ఈ సంఖ్యను వదలరు. ఇంటర్నెట్‌లో వెదికితే వెంటనే దొరుకుతుంది కూడా. అయితే దొరికే వాక్యం చాలాసార్లు ఇలా ఉంటుంది: డాక్టర్ జాన్ క్లౌ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చాడు. కొన్నిచోట్ల స్థలం ఒంగోలు అయింది. మరికొన్నిచోట్ల నది పేరే లేదు.

విద్యార్థి జాగ్రత్తపరుడైతే ఒక సైటుతో ఆగడు. రెండు, మూడు, అయిదు సైట్లు చూస్తాడు. అన్నీ అదే మాట చెబుతాయి. అయిదుగురు సాక్షులు దొరికారని సంతృప్తిపడి ఫుట్‌నోటులో అయిదు చిరునామాలు పెడతాడు. కానీ ఆ అయిదింటిలో నాలుగు మొదటిదాన్ని చూసి రాసినవైతే? అప్పుడు అతని దగ్గర ఉన్నది ఒకే సాక్షి, అయిదు గొంతులు. లేఖన పాఠ విమర్శ చదువుకున్నవారికి ఇది కొత్త పాఠం కాదు. ఒకే మూలప్రతి నుంచి దిగిన వంద చేతిప్రతులను వంద సాక్ష్యాలుగా లెక్కించకూడదని మనమే తరగతిలో చెబుతాం. ఆ సూత్రాన్ని గ్రీకు చేతిప్రతులకు వర్తింపజేసి, వెబ్‌సైట్ల దగ్గరకు రాగానే మరచిపోతున్నాం.

మూలం దగ్గరకు వెళ్ళడం ఎంత కష్టం? ఈ విషయంలో ఆశ్చర్యపోయేంత తేలిక. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ చరిత్రను డేవిడ్ డౌనీ "ది లోన్ స్టార్" అనే పేరుతో 1893లో ప్రచురించారు. క్లౌ జీవితకథ "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" 1914లో వెలువడింది. అమెరికాలో ప్రచురణ జరిగి 95 ఏళ్ళు దాటిన పుస్తకాలకు అక్కడ కాపీహక్కు ఉండదు గనుక ఈ కాలపు మిషనరీ గ్రంథాలు పేజీకి పేజీ ఫోటోలతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు. ఆనాటి బాప్టిస్టు మిషనరీ పత్రిక సంపుటాలు కూడా ఇలాగే స్కాన్ అయి ఉన్నాయి.

ఆ పుస్తకం తెరిచిన విద్యార్థికి ఎదురయ్యేది వేరే చిత్రం. ఆ రోజు నీళ్ళలోకి దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున, అలసినవారి స్థానంలోకి మరొకరు దిగుతూ ఆ పని జరిపించారు. క్లౌ ఏర్పాట్లు చూశాడు. ఒక్క క్రియాపదానికి కర్త మారిపోతే చరిత్ర ఎంత మారిపోతుందో చూడండి. తెలుగువారి చేత తెలుగువారికి జరిగిన పని ఒక అమెరికా దొర సాధించిన ఘనకార్యంగా మారింది. సంఖ్య మాత్రం చెక్కుచెదరకుండా ప్రయాణించింది. ఎందుకు? ఆ సంఖ్యకు వేరే ఉపయోగం ఉంది. పెంతెకొస్తు దినాన మూడువేలమందిని ఒక్కరోజులో నీట ముంచడం సాధ్యమా అని అడిగేవారికి బాప్టిస్టు రచయితలు వెల్లంపల్లిని జవాబుగా చూపుతూ వచ్చారు. వారి వాదానికి లెక్క కావాలి. లెక్క వెనుక చేతులు ఎవరివన్నది అవసరం లేదు.

ఇంకొక సంగతి. ఆ బాప్తిస్మాలకు ముందు 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాష్ట్రాన్ని మహా కరువు పీడించింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. కరువు పని సాగుతున్న నెలల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. తిండికోసం మతం మారారని చెప్పే సైట్లు ఈ రెండవ వాక్యాన్ని వదిలేస్తాయి. గొప్ప ఉజ్జీవం వచ్చిందని చెప్పే సైట్లు మొదటి వాక్యాన్నే వదిలేస్తాయి. రెండు పక్షాలవారూ 2,222ను మాత్రం వదలరు. ఆ రోజు వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు అన్న మాట ఈ రెండింటిలోనూ తరచుగా జారిపోతుంది. ఈనాటి దళిత క్రైస్తవ వేదాంతం మీద వ్యాసం రాసే విద్యార్థి ఈ ఘట్టాన్ని ఏ సైటునుంచి తీసుకుంటాడన్నది చిన్న విషయమేమీ కాదు.

అలాగని మూలగ్రంథం దొరికింది గనుక పని అయిపోయిందనుకోరాదు. 1914 పుస్తకం "నేను" అని మాట్లాడుతుంది. కానీ క్లౌ 1910లో మరణించాడు. పుస్తకాన్ని ఆయన పక్షాన రాసింది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఆ సంగతి ముఖపత్రం మీదనే ఉంది. ఆమె 1880లలో మిషనరీగా ఇండియాకు వచ్చింది, అంటే 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున లేదు. సంఘటనకు 36 ఏళ్ళ తరువాత, భర్త చెప్పిన జ్ఞాపకాలతో, అమెరికా పాఠకుల కోసం రాసిన పుస్తకం అది. డౌనీది పదిహేనేళ్ళ తరువాతి పుస్తకం. 1878 నాటి పత్రిక సంచికలో వచ్చిన ఉత్తరాలు అప్పటికప్పుడు రాసినవి, అయితే అవి చందాదారులను ఉత్సాహపరచడానికి అచ్చువేసినవి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు గమనించిన విద్యార్థి, మాటల్లో తడబడినా, పరిశోధన చేసినట్టే. ఎమ్మా క్లౌ 1899లో ప్రచురించిన "వైల్ సూయింగ్ శాండల్స్" అనే మరో పుస్తకం ఉంది. మాదిగ పెద్దలు చెప్పిన కథనాలను అందులో పొందుపరచింది. నాలుగో సాక్షిగా దాన్నీ పిలవాలి.

పేరును వెదకడం

పై పుస్తకాలు ఉచితంగానే ఉంటే విద్యార్థులకు ఎందుకు దొరకడం లేదు? సగం కారణం బద్ధకం కాదు, స్పెల్లింగు. తెలుగు లిపిలో వెల్లంపల్లి అని కొట్టి వెదికేవాడికి 1893 నాటి ఇంగ్లీషు పుస్తకం కనబడదు. ఈనాటి ఇంగ్లీషు స్పెల్లింగుతో వెదికినా కనబడదు. ఆనాటి మిషనరీలు ఆ ఊరిని వెలంపిల్లి అన్నట్టు రాశారు. గుండ్లకమ్మలో ఇప్పుడు కె అక్షరం రాసేచోట వారు సి రాశారు. పైగా స్కాన్ చేసిన పేజీని యంత్రం చదివి అక్షరాలుగా మార్చేటప్పుడు పాత అచ్చులోని ఒక ఎల్ అక్షరం ఒకటో అంకెగా మారిపోతుంది. అందుచేత ఊరిపేరుతో వెదకడం మానుకుని, తారీఖుతోనో, పుస్తకంలోని విషయసూచికను పట్టుకునో వెళ్ళాలి. పుస్తకంలో మొదటిసారి ఆ పేరు కనబడ్డప్పుడు దాని పాత స్పెల్లింగు రాసుకుని, దానితో మిగతా పుస్తకాలను వెదకాలి.

తెలుగు పుస్తకాల పరిస్థితి ఇంకా చిత్రమైనది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ అయిన వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఉన్నాయి. కానీ వాటి శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి చెవికి తోచినట్టు వారు రాసినవి. సంవత్సరాలు కొన్నిచోట్ల తప్పు. కాబట్టి జాబితాలోని సంవత్సరాన్ని ఫుట్‌నోటులోకి ఎత్తకుండా పుస్తకం ముఖపత్రం చూసి రాయాలి. స్కాన్ పేజీ సంఖ్యకూ అచ్చు పేజీ సంఖ్యకూ పది పదిహేను పేజీల తేడా ఉంటుంది, ఇవ్వవలసింది అచ్చు సంఖ్య. ఈ మాత్రం తెలియక మంచి ఆధారం చేతికి వచ్చి కూడా వాడలేకపోయినవారు ఉన్నారు.

పాత మాటల కోసం సి.పి. బ్రౌన్ నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైటులో ఉంది. తొలినాటి తెలుగు బైబిలు అనువాదాలను పరిశీలించే విద్యార్థికి ఈనాటి నిఘంటువుకంటే ఆ పాత నిఘంటువే ఆప్తమిత్రుడు.

హార్వర్డు నుంచి వచ్చిన కాగితం ముక్క

విశ్వవిద్యాలయానిదైతే నమ్మవచ్చు అన్న సూత్రాన్ని ఇప్పుడు చూద్దాం. 2012 సెప్టెంబరు 18న రోములో జరిగిన కోప్టిక్ అధ్యయనాల అంతర్జాతీయ సమావేశంలో హార్వర్డు డివినిటీ స్కూలు ఆచార్యురాలు కేరెన్ కింగ్ ఒక చిన్న పపైరస్ ముక్కను ప్రకటించారు. అరచేతిలో సగం కూడా లేని ఆ ముక్కమీద యేసు "నా భార్య" అని పలికినట్టుగా ఒక అసంపూర్ణ వాక్యం కోప్టిక్ భాషలో ఉంది. దానికి ఆమె యేసు భార్య సువార్త అని పేరుపెట్టారు. ప్రపంచ పత్రికలన్నీ మొదటి పేజీల్లో వేశాయి.

కొద్దిరోజుల్లోనే డర్‌హాం విశ్వవిద్యాలయపు ఫ్రాన్సిస్ వాట్సన్ ఇంటర్నెట్‌లో ఒక చిన్న వ్యాసం పెట్టారు. ఆ ముక్కలోని పదబంధాలు దాదాపు అన్నీ తోమా సువార్త కోప్టిక్ ప్రతిలోంచి తీసి అతికించినవేనని వరుసవారీగా చూపారు. తరువాత ఆండ్రూ బెర్న్‌హార్డ్ ఇంకో అడుగు వేశారు. తోమా సువార్తను పదానికి పదం ఇంగ్లీషు అర్థంతో మైకేల్ గ్రోండిన్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి ఉన్నాడు. దాని 2002 నాటి పీడీఎఫ్ ప్రతిలో ఒకచోట టైపింగులో ఒక అక్షరం జారిపోయింది. పపైరస్ ముక్కమీద సరిగ్గా అదే చోట అదే అక్షరం లేదు. ప్రాచీన లేఖకుడు ఇంటర్నెట్ చూసి రాయలేడు గదా.

అయినా 2014 ఏప్రిల్‌లో హార్వర్డ్ థియలాజికల్ రివ్యూ కింగ్ వ్యాసాన్ని, దానితోపాటు సిరా మీద, పపైరస్ మీద జరిపిన ప్రయోగాల నివేదికలను ప్రచురించింది. కాగితం పాతదేనని తేలింది. ఆ నెలలోనే క్రిస్టియన్ అస్కెలాండ్ అనే పరిశోధకుడు, అదే యజమాని ఇచ్చిన యోహాను సువార్త ముక్క ఒకటి నివేదికల్లో ఫోటోగా ఉండటం గమనించారు. అదే చేతిరాత. దాని పాఠం హెర్బర్ట్ థాంప్సన్ 1924లో ప్రచురించిన ఒక కోప్టిక్ ప్రతిని పంక్తి విడిచి పంక్తి నకలు చేసినది. ఆ ప్రచురణ కూడా ఇంటర్నెట్‌లో ఉన్నదే. చివరకు 2016 జూన్‌లో ఏరియల్ సబార్ అనే విలేకరి అట్లాంటిక్ పత్రికలో యజమాని చరిత్రను బయటపెట్టిన తరువాత, ఇది నకిలీ కావడానికే ఎక్కువ అవకాశం ఉందని కింగ్ కూడా అంగీకరించారు.

ఈ కథను హార్వర్డును వెక్కిరించడానికి వాడుకునేవారు మన సంఘాల్లో ఉన్నారు. అది సరికాదు. కింగ్ మొదటి రోజునే ఫోటోలను, పాఠాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. అలా పెట్టకపోతే వాట్సన్‌కూ బెర్న్‌హార్డ్‌కూ పరీక్షించడానికి ఏమీ ఉండేది కాదు. మనం గమనించవలసింది వేరు. ఇక్కడ పెద్ద విశ్వవిద్యాలయం పేరు, తోటి పండితుల సమీక్ష జరిగే పత్రిక, ప్రయోగశాల నివేదిక అనే మూడు ముద్రలూ ఒకవైపు ఉన్నాయి. రెండోవైపు ఉన్నవి ఎవరి ముద్రా లేని ఇంటర్నెట్ రాతలు. గెలిచినవి రెండో పక్షంవి. ప్రతి మెట్టునూ పాఠకుడు స్వయంగా సరిచూసుకునేలా అవి రాసి ఉండటమే కారణం. 2014 వ్యాసాన్ని ఆ పత్రిక ఉపసంహరించలేదు. తోటి పండితుల సమీక్ష పొందిన వ్యాసాలనే వాడండి అన్న మన సూచన పాటించి వెదికిన విద్యార్థి ఈ రోజుకూ తిన్నగా దానిదగ్గరకే వెళతాడు. వ్యాసం దొరికిన తరువాత దాన్ని ఉదహరించిన తరువాతి రచనలేమిటో గూగుల్ స్కాలర్‌లో చూడమని మనం చెప్పకపోతే అక్కడే ఆగిపోతాడు.

పండిత పత్రికల పేరుతో డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు ఇంకొక బెడద. పేరులో ఇంటర్నేషనల్ అన్న మాట ఉంటుంది, సంపాదకవర్గంలో పది దేశాలు ఉంటాయి, వ్యాసం పంపిన వారం రోజుల్లో అంగీకార పత్రం వస్తుంది. కొలరాడో గ్రంథపాలకుడు జెఫ్రీ బీల్ ఇలాంటివాటి జాబితా ఒకటి నడిపి 2017 జనవరిలో దాన్ని తొలగించారు. జాబితా ఉన్నా లేకున్నా, ఆ పత్రిక పాత సంచికల్లో రెండు వ్యాసాలు తెరచి చదివితే సంగతి తెలిసిపోతుంది.

ఉచితంగా దొరికేవి ఎందుకు ఉచితం?

ప్రసంగం సిద్ధపరచుకునే కాపరులు ఎక్కువగా ఆశ్రయించే బైబిలు సైట్లలో, ఫోను యాప్‌లలో ఉన్న సాధనాలు చూడండి. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం 1700ల తొలినాళ్ళది. స్ట్రాంగ్ పదసూచిక 1890లో వచ్చింది. థేయర్ గ్రీకు నిఘంటువు 1880లలో, ఈస్టన్ బైబిలు నిఘంటువు 1890లలో, ఇంటర్నేషనల్ స్టాండర్డ్ బైబిల్ ఎన్‌సైక్లోపీడియా తొలి ముద్రణ 1915లో వెలువడ్డాయి. వీటిని శ్రేష్ఠమైనవని ఎవరో ఏరి పెట్టలేదు. కాపీహక్కు ముగిసింది గనుక పెట్టారు. ఒకే గ్రంథం ఇరవై సైట్లలో కనబడేసరికి అది ప్రామాణికమన్న భ్రమ కలుగుతుంది.

ఇవి పనికిరావని నేననడం లేదు. హెన్రీ భక్తిపూర్వకమైన అంతర్దృష్టికి కాలదోషం లేదు. కానీ ఒక గ్రీకు మాటకు అర్థం నిర్ణయించేటప్పుడు నిఘంటువు తేదీ చూడకుండా వాడటం ప్రమాదం. మొదటి కొరింథీయులు 16వ అధ్యాయం మొదట మన తెలుగు బైబిలులో చందా అని ఉన్నచోట గ్రీకులో లొగెయా అనే మాట ఉంది. అది బైబిలు, సంఘ రచనల బయట కనబడని మాట అని థేయర్ కాలంలో అనుకున్నారు. ఐగుప్తు ఇసుకలో దొరికిన పపైరస్‌లను, కుండపెంకులను చదివిన అడాల్ఫ్ డైస్‌మన్ అది దేవాలయాలకూ ఇతర పనులకూ వసూళ్ళు చేసేటప్పుడు జనం మామూలుగా వాడుకున్న మాటేనని చూపించారు. పౌలు కొత్త పవిత్ర పదమేదీ సృష్టించలేదు, బజారు మాటే వాడాడు. థేయర్‌ను మాత్రమే చూసిన విద్యార్థి ఈ మాటమీద ఒక వేదాంతమే కట్టగలడు. 1915 విజ్ఞానకోశం కూడా అంతే. 1929 నుంచి వెలువడిన ఉగారిత్ పలకలు గానీ, 1947 నుంచి దొరికిన మృతసముద్రపు చుట్టలు గానీ దాన్ని రాసినవారికి తెలియవు. కీర్తనల ఛందస్సు మీదనో ఎస్సేనుల మీదనో రాసే వ్యాసానికి అది ఆఖరి మాట కాజాలదు.

మరోవైపు, ఉచితంగా దొరికేవాటిలోనే అమూల్యమైనవీ ఉన్నాయి. కోడెక్స్ సినైటికస్ మొత్తం 2009 నుంచి ఇంటర్నెట్‌లో చూడవచ్చు. మార్కు సువార్త 16:8 దగ్గర ఆ ప్రతిలో ఎలా ముగిసిందో వాదోపవాదాల సైట్లు చదివి తెలుసుకోనవసరం లేదు, ఆ పేజీనే చూడవచ్చు. మృతసముద్రపు చుట్టల ఫోటోలు లియోన్ లెవీ డిజిటల్ గ్రంథాలయంలో 2012 నుంచి ఉన్నాయి. యాభై ఏళ్ళ క్రితం యూరపు వెళ్ళిన పండితుడికి కూడా ఇంత సులువుగా లభించని భాగ్యం ఇది. మన విద్యార్థులు ఈ ఫోటోల దగ్గరకు వెళ్ళకుండా, ఆ ఫోటోల గురించి ఎవరో చెప్పిన అభిప్రాయం దగ్గర ఆగిపోవడమే నాకు బాధ.

ప్రసంగవేదిక మీది తాడు

ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు అతిపరిశుద్ధ స్థలంలో చనిపోతే బయటికి లాగడానికి అతనికి తాడు కట్టేవారని వినని సంఘం మనలో ఉండదు. లేవీయకాండము 16లో ఈ సంగతి లేదు. ఆ దినపు ఆచారాలను గంట గంటకూ వివరించే మిష్నాలోని యోమా భాగంలో లేదు. జోసీఫస్ రాయలేదు. అది కనబడేది 13వ శతాబ్దపు జోహర్ అనే యూదు మర్మగ్రంథంలో. అంటే దేవాలయం కూలిన పన్నెండు వందల ఏళ్ళ తరువాత. ఇంటర్నెట్‌లో వెదికితే ఇది నిజమని చెప్పే పేజీలు ఎన్నో దొరుకుతాయి, వాటిలో కొన్నింటికి ఫుట్‌నోట్లు కూడా ఉంటాయి. ఆ ఫుట్‌నోటు ఇంకో ప్రసంగ పుస్తకానికి, ఆ పుస్తకం ఇంకో వ్యాఖ్యానానికి దారితీసి ఎక్కడా ఒక ప్రాచీన గ్రంథం దగ్గర ఆగదు. దారి అలా తిరుగుతున్నదని గ్రహించడానికి గ్రీకు, హెబ్రీ రానవసరం లేదు, ఒక గంట ఓపిక చాలు.

వికీపీడియా మీద మనకున్న కోపం కూడా ఇక్కడ సడలాలి. దాన్ని ఆధారంగా ఉదహరించకూడదన్నది నిజమే. ఎవరు రాశారో, రేపు ఎవరు మారుస్తారో తెలియదు. కానీ ప్రతి పేజీకి మార్పుల చరిత్ర ఉంటుంది, కింద ఆధారాలు ఉంటాయి. ఏ ఆధారమూ చూపని భక్తి సైటును అనుమతించి, ఆధారం ఎక్కడుందో చూపించే వికీపీడియా పేజీని నిషేధించడం వింతగా ఉంది. అది చూపించే పుస్తకం దగ్గరకు వెళ్ళి, ఆ పుస్తకాన్ని చదివి, దాన్ని ఉదహరించమనాలి.

లేని పుస్తకాల బెడద

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి మనకు కొత్త చిక్కు మొదలైంది. అడిగిన విషయం మీద ఆధార గ్రంథాల పట్టిక క్షణంలో చేతికి వస్తుంది. రచయిత నిజమైనవాడే, పత్రిక నిజమైనదే, సంపుటి సంఖ్య, పేజీలు అన్నీ ఉంటాయి. వ్యాసం మాత్రం ఎక్కడా లేదు. 2023 జూన్‌లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ న్యాయస్థానం ఇలా యంత్రం పుట్టించిన తీర్పులను తమ వాదనలో ఉదహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించింది. వాళ్ళు వృత్తి నిపుణులు. మొదటి సంవత్సరం విద్యార్థి సంగతి చెప్పాలా? తెలుగు సంఘ చరిత్రలాంటి, ఇంటర్నెట్‌లో కొద్దిగా మాత్రమే రాతలున్న విషయాల్లో ఈ కల్పన ఇంకా సులువుగా చొరబడుతుంది. యంత్రం చెప్పిన ప్రతి శీర్షికను వరల్డ్‌క్యాట్ వంటి గ్రంథాలయ జాబితాలోనో, ఆ పత్రిక సొంత విషయసూచికలోనో వెదికి, దొరికితే తెరిచి చదివిన తరువాతనే రాయాలి.

ఉన్న ఆధారం కూడా మాయమవుతుందని మరువరాదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, దాని చేతిప్రతుల ఫోటోలు నెలల తరబడి పాఠకులకు అందలేదు. అంతటి సంస్థకే ఆ గతి పట్టింది. వ్యాసానికి ముఖ్యమైన పేజీని చూసిన రోజునే దాచిపెట్టుకోవాలి, వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి ఆ చిరునామా, చూసిన తేదీ రాయాలి.

అధ్యాపకులకు ఒక మనవి. ఆధారాల సంఖ్యకు మార్కులివ్వడం మానుకుందాం. ఇరవై చిరునామాలున్న పట్టికకంటే, తన వ్యాసంలోని ఒక్క ముఖ్యవాక్యాన్ని మూలం దాకా వెంబడించి, దారిలో ఎవరెవరు దాన్ని ఎలా మార్చారో రెండు పేజీల్లో రాసిన విద్యార్థికి ఎక్కువ మార్కులు రావాలి. దిద్దేటప్పుడు ఏదైనా ఒక ఫుట్‌నోటు ఎంచుకుని ఆ పేజీ ఫోటో చూపించమని అడిగితే చాలు, మిగతావాటిని విద్యార్థి తానే సరిచూసుకుని వస్తాడు.

ఇంటర్నెట్‌లో ఎంత వెదికినా దొరకనివి మనదగ్గరే ఉన్నాయి. పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు, సమాజాల నివేదికలు, తెలుగు క్రైస్తవ పత్రికల పాత సంచికలు, సమాధి రాళ్ళు. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల సంఘాల్లో సేవచేస్తున్న విద్యార్థి ఎవరైనా తన సంఘం బీరువాలో ఉన్నవాటిని ఫోనుతో పేజీ పేజీగా ఫోటోలు తీసి, ఎక్కడ దొరికిందో రాసి ఆర్కైవ్‌లో పెట్టగలిగితే, తరువాతివాడికి అదే మూలాధారం అవుతుంది. 1878లో నీళ్ళలో నిలబడిన ఆ ఆరుగురి పేర్లు, ఊర్లు, తరువాతి జీవితాలు వెదకడానికి అలాంటి కాగితాలే కావాలి. ఈలోగా వ్యాసంలో ఆ వాక్యానికి కర్త ఎవరన్నది సరిచేయడానికి మాత్రం ఇప్పటికే స్కాన్ అయి ఉన్న పేజీ సరిపోతుంది.